టోపీ కుట్టడం నేర్పే బడి ఎక్కడుంది?

"సూదీ దారం" శీర్షికకి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో (వాట్సాప్‌లో వచ్చినవీ ఉత్తరాలే అనుకోండి) సగానికి సగం టోపీల మీదే. ఎండలు అలా ఉన్నాయి మరి. జాకెట్టు చంకలో ముడత ఎందుకొస్తోంది అని అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి, ఈసారి కథంతా నెత్తిమీదే.

అక్కా, నేను బరంపురంలో ఫ్యాషన్ డిజైన్ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నా. సిలబస్‌లో మిల్లినరీ (టోపీలు చేసే విద్య) అని ఒక యూనిట్ ఉంది. మా మేడమ్ నోట్స్ చెప్పి, క్రౌన్ (తల మీద కూర్చునే భాగం), బ్రిమ్ (చుట్టూ ఉండే అంచు) బొమ్మ వేయించి అయిపోయింది అన్నారు, ప్రాక్టికల్ లేదు. నాకేమో టోపీలే చెయ్యాలనుంది. యూట్యూబ్‌లో వాళ్ళు వాడే సామాను ఇక్కడ ఏ షాపులో అడిగినా మొహం చూస్తున్నారు. ఎక్కడ నేర్చుకోను? – ఒక విద్యార్థిని, బరంపురం

చెల్లీ, ముందు మీ మేడమ్ మీద కోపం తీసెయ్. నేను ఇరవై ఏళ్ళు కుట్టు నేర్పాను, అందులో మొదటి పదేళ్ళు నేనూ అదే చేశాను, ఎందుకంటే నాకూ ఎవరూ నేర్పలేదు. మన దగ్గర టైలరింగ్ అంతా మెడ దగ్గర ఆగిపోతుంది, మెడ పైనున్నదాన్ని ఎవరూ టేపు పెట్టి కొలవరు.

మిల్లినరీ అన్న మాటకి భయపడకు, అది ఇటలీలో మిలాన్ అనే ఊరి పేరే. అక్కడి రిబ్బన్లు, గ్లౌజులు, గడ్డి టోపీలు ఇంగ్లండ్‌లో అమ్మేవాళ్ళని మిలనర్లు అనేవారు, పోను పోను అమ్మేవాడి పేరు కాస్తా పనికి పేరైపోయింది. ఆ పని రెండు రకాలు. ఒకటి గుడ్డ కోసి కుట్టేది, బకెట్ టోపీ, క్రికెట్ టోపీ లాంటివి. రెండోది ఉన్ని ఫెల్టునో (నెయ్యకుండా ఒత్తి చేసిన దళసరి గుడ్డ) గడ్డినో ఆవిరి పట్టి చెక్క అచ్చు మీద సాగదీసేది. నువ్వు చూస్తున్న వీడియోలన్నీ రెండోవి, నువ్వు మొదలెట్టాల్సింది మొదటిది.

బకెట్ టోపీ లెక్క చెప్తా, పెన్ను తీసుకో. టేపుని కనుబొమ్మల మీద ఒక వేలు పైనుంచి, చెవుల పైగా, వెనక తల ఉబ్బు మీదుగా తిప్పు, టేపు కింద ఒక వేలు దూరాలి. 58 సెంటీమీటర్లు వచ్చిందనుకో. దాన్ని 6.28తో భాగిస్తే 9.2, అదే పైన వచ్చే గుండ్రటి బిళ్ళకి వ్యాసార్థం. పక్క పట్టీ 58 పొడవు, 9 ఎత్తు. బ్రిమ్ లోపలి గుండ్రానికీ 9.2నే. ఇక్కడిదాకా ఎవరైనా చెప్తారు. అసలు తిప్పలంతా కుట్టు మార్జిన్ దగ్గర. బిళ్ళకి మార్జిన్ గీత బయట వదలాలి, బ్రిమ్‌కి గీత లోపల వదలాలి. నా మొదటి టోపీకి నేను రెండూ గీత మీదే కోసేశాను, పోతే ఒక్క సెంటీమీటరే కదా అని. వ్యాసార్థంలో పోయిన ఒక్క సెంటీమీటర్ చుట్టుకొలతలో ఆరూ పాతిక పైనే అవుతుందని అప్పుడు తట్టలేదు. కుట్టేసరికి బిళ్ళ 51న్నరకి దిగిపోయింది, బ్రిమ్ 64కి ఎక్కి కూర్చుంది, మధ్యలో పాపం పట్టీ 58. కుచ్చులు పెట్టి, పళ్ళు బిగబట్టి ఎలాగో అతికించాను. మా చిన్నోడు చూసి "అమ్మా ఇది టోపీయా, సున్నుండల డబ్బా మూతా" అన్నాడు.

బ్రిమ్ పళ్ళెంలా చదునుగా కాకుండా కిందికి వాలాలంటే జామెట్రీ బాక్స్ బయటికి తియ్యి. 12 సెంటీమీటర్ల వ్యాసార్థంతో లోపలి గుండ్రం గీసి, బ్రిమ్ వెడల్పు కలిపి బయటి గుండ్రం గీసి, 277 డిగ్రీల మేర ఉంచుకుని మిగతా ముక్క తీసెయ్, రెండు కొసలూ కలిపితే లోపలి అంచు సరిగ్గా 58 వస్తుంది. ఇలాంటివి బ్రౌన్ పేపర్‌తో ఒక పది చెయ్యి, కుట్టొద్దు, సెల్లో టేపు అతికిస్తే చాలు. ఎంత తీసేస్తే ఎంత వాలుతుందో ఐదో టోపీకల్లా కంటికి తెలిసిపోతుంది, ఆ తర్వాత గుడ్డ ముట్టుకో.

చదవడానికి అంటావా, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్, ఇంటర్నెట్ ఆర్కైవ్ అని పాత పుస్తకాల వెబ్‌సైట్లు, రెండూ వెతుకు. 1920 ప్రాంతాల అమెరికా టోపీ పాఠాలు కాపీరైట్ తీరిపోయి ఫ్రీగా ఉన్నాయి. నాకు అవంటే ఎందుకిష్టమో చెప్తా. అమెరికాలో స్క్రాంటన్ అనే ఊళ్ళో 1916లో ఆడవాళ్ళకి పోస్టులో చదువు చెప్పే విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు, మేరీ బ్రూక్స్ పికెన్ అనే ఆవిడ దానికి ముందు నిలబడి బట్టలు కుట్టడం, టోపీలు చెయ్యడం అన్నీ ఉత్తరాల మీదే నేర్పించింది. టీచర్ పక్కన లేదని తెలిసి రాసిన పాఠాలు కాబట్టి తీగ ఎంత కొయ్యాలి, ఎక్కడ వంచాలి, కుట్టు ఎటు నుంచి ఎటు పోవాలి అని వేలు పట్టుకుని నడిపించినట్టు ఉంటాయి. నీదీ అదే పరిస్థితి కదా. ఇంగ్లిష్ పాతది, కష్టంగానే ఉంటుంది, బొమ్మ చూస్తూ రోజుకో పేజీ చదువు.

ఫొటోలకైతే లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం, రెండింటి వెబ్‌సైట్లలోనూ పాత టోపీలు బోలెడు. మెట్రోపాలిటన్ వాళ్ళు కాపీరైట్ లేని వాటి ఫొటోలు ఎవరైనా వాడుకోవచ్చని 2017లోనే తలుపులు తెరిచేశారు, ప్రాజెక్ట్ ఫైల్‌లో పెట్టుకున్నా ఎవరూ అడగరు. పైనుంచి చూసి బాగుంది అనుకుని వదిలెయ్యకు, జూమ్ చేసి జాయింట్ ఎక్కడుందో వెతుకు. దాదాపు ప్రతి టోపీకీ ఒక జాయింట్ ఉంటుంది, దాన్ని పువ్వు కిందో రిబ్బన్ ముడి కిందో దాచుతారు, అది పట్టుకోగలిగితే టోపీ సగం అర్థమైనట్టే.

సామాను సంగతి. సినమే అని వీడియోల్లో చెప్పేది ఫిలిప్పీన్స్‌లో అబాకా అనే మొక్క నారతో నేసిన గుడ్డ, అబాకా మన అరటికి చుట్టమే. ప్రాక్టీసుకి దాని బదులు పల్చటి కాటన్ దోమతెర గుడ్డ మూడు పొరలు, ఒక్కో పొర క్రాస్‌గా (ఐమూలగా) తిప్పి వేసి, చిక్కటి గంజిలో ముంచి వాడుకో. పీటర్‌షామ్ రిబ్బన్ అంటే లోపల నుదురు తగిలే చోట వేసేది, ఆవిరి పెడితే వంపు తిరుగుతుంది. దొరక్కపోతే కాటన్ క్రాస్ పట్టీ వెయ్యి, సాటిన్ మాత్రం వెయ్యకు, చెమటకి జారిపోతుంది. తీగ హార్డ్‌వేర్ షాపులో కొనేటప్పుడు స్లాబుల్లో కట్టే నల్ల బైండింగ్ వైర్ తెచ్చుకోకు, మొదటి చెమటకే తుప్పు మరక గుడ్డ మీదకి ఎక్కుతుంది, జీఐ తీగ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప తీగ) సన్నది తెచ్చి దానికి దారం చుట్టుకో. జీఐ అంటే గుర్తొచ్చింది (ఇది వేరే జీఐ), జయపురం దాటాక కోట్‌పాడ్ నేత గుడ్డ ఉంది చూడు, చెట్టు వేరుతో వేసే ఎర్ర, గోధుమ రంగులు, 2005లో ఒడిశాకి మొదటి జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అని ఇచ్చే ముద్ర) తెచ్చింది అదే. ఆ గుడ్డ మందం ఎలాంటిదంటే బకెట్ టోపీకి బక్రం (బిగువు కోసం లోపల వేసే గట్టి గుడ్డ) లేకుండానే నిలబడుతుంది. ఖరీదు అనుకుంటే చిన్న ముక్క కొని పక్క పట్టీకే వాడు.

పెద్ద చదువు చదవాలనుంటే నిఫ్ట్‌లో (కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ కాలేజీ) యాక్సెసరీ డిజైన్ అని నాలుగేళ్ళ బీడిజైన్ ఉంది, బ్యాగులూ నగలూ టోపీలూ అన్నీ ఆ గొడుగు కిందికే వస్తాయి. మనకి దగ్గర క్యాంపస్‌లు భువనేశ్వర్, హైదరాబాద్. ఏ క్యాంపస్‌లో ఏ బ్రాంచ్ ఉందో ఆ ఏడు ప్రాస్పెక్టస్ చూసి అప్లై చెయ్యి, పక్కింటివాళ్ళ మాట విని కాదు.

మేడమ్ గారూ, నేను గుణుపురంలో కుట్టు ఇన్‌స్ట్రక్టర్‌ని. బ్యాచ్‌కి 20 మంది ఆడపిల్లలు. సగం మంది ఇంట్లో తెలుగు, మిగతావాళ్ళు ఒడియా, ముగ్గురు సవర పిల్లలు. టోపీలు నేర్పుదామంటే చెక్క అచ్చులు ఒక్కోటి వేలల్లో చెప్తున్నారు, పైవాళ్ళని అడిగితే ఫండ్ లేదంటారు. ఏం చెయ్యమంటారు? – ఒక ఇన్‌స్ట్రక్టర్, గుణుపురం

మాస్టారూ, ఫండ్ కోసం కూర్చుంటే ఈ పిల్లల పెళ్ళిళ్ళయి వాళ్ళ పిల్లలు మీ దగ్గర చేరతారు. మంచం కోళ్ళు తిప్పే లేత్ ఉన్న వడ్రంగి మీ ఊళ్ళో ఉన్నాడా? ఉంటే సగం పని అయినట్టే. లేత్ మీద గుండ్రమే వస్తుంది, మనిషి తల గుండ్రం కాదు, కోడిగుడ్డు, ముందు వెనకలు పొడవు, చెవుల మధ్య తక్కువ. అందుకని ఇలా చేయించండి. 16.5 సెంటీమీటర్ల అడ్డకొలతతో, 15 ఎత్తుతో, పైన గుమ్మటంలా ఒక దిమ్మ తిప్పించండి. దాన్ని నిలువునా రెండు చెక్కలుగా కోయించి మధ్యలో 3 సెంటీమీటర్ల మందం పలక పెట్టి అతికించి, పలక పైభాగాన్ని కూడా గుమ్మటంతో కలిసేలా చెక్కించండి. గుండ్రం చుట్టుకొలత 51.8, రెండు వైపులా పలక మందం 6, మొత్తం 57.8, సరిగ్గా పెద్దవాళ్ళ తల. ఇంకో సైజు కావాలంటే మధ్య పలక మందం మారుస్తే సరి. బాగా ఆరిన మెత్తటి చెక్క చాలు, గట్టి చెక్క వద్దు, దాంట్లో గుండుసూది దిగదు, అచ్చు అన్నాక సూది దిగాలి.

అదీ వద్దనుకుంటే ఖర్చు లేని దారి, ఎవరి తల వాళ్ళే చేసుకోవడం. ఇద్దరిద్దరిని జత కట్టండి. జుట్టు నున్నగా దువ్వి, పాత చున్నీ ముక్క బిగుతుగా కట్టి, నుదుటి నుంచి వెనక మెడ దాకా బ్రౌన్ పేపర్ టేపు మూడు పొరలు అతికిస్తూ పోవాలి. ప్లాస్టిక్ కవర్ తగిలిస్తామంటారు పిల్లలు, మొహం మీదకి రానివ్వకండి, అసలు వద్దనే చెప్పండి. గట్టిపడ్డాక వెనక నిలువుగా కత్తిరించి తీసి, మళ్ళీ అతికించి, లోపల గుడ్డ పీలికలు కూరి, కింద అట్టముక్క వేసి మూసెయ్యండి. కుట్టు సెంటర్‌లో పీలికలకి కొదవేముంది. థర్మోకోల్ తల కూడా చేసుకోవచ్చు గానీ వంద డిగ్రీల దగ్గర అది మెత్తబడిపోతుంది, నా స్టూడెంట్ ఒకమ్మాయి దాని మీదే ఇస్త్రీపెట్టె ఆనించింది, తల కాస్తా గుంటపడింది, ఏడాది పొడుగునా దాన్ని చూసి నవ్వుకున్నాం.

ఇంక బక్రం పాఠం. టైలర్ మెటీరియల్ షాపులో దొరికే గంజి బక్రం తీసుకోండి, ఇస్త్రీకి అతుక్కునే పేస్టింగ్ రకం కాదు. అచ్చుకి పల్చటి ప్లాస్టిక్ కప్పి దారంతో కట్టండి. బక్రం ముక్కని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తీస్తే అప్పడం తడిసినట్టు మెత్తబడుతుంది. అచ్చు మీద క్రాస్‌గా వేసి, ముందు ఎదురెదురుగా నాలుగు మూలలా సూదులు, తర్వాత వాటి మధ్యలో, మళ్ళీ వాటి మధ్యలో, ప్రతిసారీ కిందికి లాగుతూ. నిలువు దారం వెంట లాగితే గుడ్డ కదలదు, క్రాస్‌లో లాగితేనే సాగి ముడతలు మాయమవుతాయి, ఈ ముక్క నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, ఒక్కసారి వేళ్ళతో లాగితే ఎక్కుతుంది. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున తీస్తే తల ఆకారంలో గట్టి చిప్ప వస్తుంది. అంచుకి తీగ కుట్టి, పైన ఏ గుడ్డ కావాలంటే అది తొడగండి.

భాష సంగతి రాశారు కదా. నేను చేసింది చెప్తా. ఒకే టోపీని ఆరు దశల్లో ఆపేసి, ఆరు ముక్కలూ అట్ట మీద వరసగా కుట్టి గోడకి తగిలించాను. బక్రం చిప్ప ఒకటి, తీగ కుట్టింది ఒకటి, గుడ్డ సగం తొడిగింది ఒకటి, అలాగ. అందులో ఒక్క అక్షరం లేదు. పిల్లలు వచ్చి తిరగేసి, లోపల వేలు పెట్టి తడిమి చూసుకుంటారు, ఏ భాష పిల్లైనా అంతే. బోర్డు మీద పాఠం కంటే అదే ఎక్కువ పని చేసింది. కాగితాలు కావాలంటే భారత్ స్కిల్స్ పోర్టల్‌లో ఐటీఐ వాళ్ళ సూయింగ్ టెక్నాలజీ, ఫ్యాషన్ డిజైన్ అండ్ టెక్నాలజీ సిలబస్‌లు ఉచితంగా ఉన్నాయి, ప్యాటర్న్ బేసిక్స్ అక్కణ్ణుంచి తీసుకుని టోపీకి మీరే మలుచుకోండి.

పిల్లల్లో ఎవరింట్లోనైనా ఈతాకు చాపలు అల్లే ముసలమ్మ ఉంటే ఒక పూట పిలిపించండి. నానబెట్టిన ఆకుని నాలుగైదు పాయల సన్న జడగా అల్లి, నత్త చుట్టలా మధ్య నుంచి తిప్పుతూ, వరస మీద వరస కొంచెం ఎక్కించి కుడితే గడ్డి టోపీ అయిపోతుంది. ఇంగ్లండ్‌లో లూటన్ అనే ఊరు గడ్డి టోపీల మీదే బతికింది, ఇప్పటికీ ఆ ఊరి ఫుట్‌బాల్ టీమ్‌ని హ్యాటర్స్ అనే పిలుస్తారు.

ఒక జాగ్రత్త. వీడియోలు చూసి ఎవరైనా స్పిరిట్ వాసన వచ్చే స్టిఫెనర్ (టోపీ గట్టిపడటానికి కొట్టే మందు) తెచ్చి మూసిన గదిలో కొడితే ఊరుకోకండి. పూర్వం కుందేలు బొచ్చుని ఫెల్టు చెయ్యడానికి పాదరసం మందు వాడేవారు, ఆ ఆవిరి పీల్చి పనివాళ్ళకి చేతులు వణికేవి, అమెరికాలో డాన్‌బరీ ఊరి పేరు మీద ఆ వణుకుకి ఒక పేరే పడిపోయింది, 1941లో గానీ అక్కడ ఆపలేదు. మనకి గంజి చాలు.

ఆన్‌లైన్‌లో తెప్పించిన టోపీ లోపల 7⅛ అని ఉంది. అంగుళాలా? మరి అంత చిన్న తల ఎవరికుంటుంది? – ఒక టైలర్, రాయగడ

అన్నా, మీ డౌట్ చూసి నవ్వొచ్చింది గానీ మొదట నాకూ అదే వచ్చింది. తల చుట్టుకొలత అంగుళాల్లో తీసి 3.14తో భాగించిన అంకె అది. 22న్నర అంగుళాలు, అంటే 57 సెంటీమీటర్లు, భాగిస్తే 7.16, దాన్నే 7⅛ అంటారు. ఇది అమెరికా లెక్క, ఇంగ్లండ్ టోపీ అయితే అదే తలకి 7 అని ఉంటుంది. స్కూల్ స్పోర్ట్స్‌కి ఆరు ముక్కల క్యాపులు కుట్టేట్టయితే చుట్టుకొలతని ఆరుతో భాగించి ఒక్కో ముక్కకి రెండు వైపులా మార్జిన్ కలుపుకోండి, వెనక అడ్జస్ట్ చేసే పట్టీ పెట్టండి, నలభై మంది పిల్లల తలలు కొలవలేం.

మా అమ్మాయి ఇంటర్నేషనల్ మిల్లినరీ సర్టిఫికెట్ అంటే నమ్మి ఆన్‌లైన్ కోర్సుకి 12 వేలు కట్టింది. వారం తర్వాత యూట్యూబ్‌లో ఊరికే దొరికే వీడియోల లింకులే పంపారు. అడిగితే ఫోన్ ఎత్తడం లేదు. – ఒక తల్లి, పర్లాకిమిడి

అమ్మా, టోపీలు నేర్పుతామని టోపీ పెట్టారన్నమాట. కట్టిన రసీదు, వాళ్ళ ప్రకటన, చాటింగ్, అన్నీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అమ్మాయిని తిట్టకండి. ఈసారి ఎక్కడైనా డబ్బు కట్టేముందు ఒక్కటే అడగమనండి, నేను చేసిన టోపీ చూసి తప్పు ఎక్కడుందో చెప్పే మనిషి ఉన్నారా అని. లేరంటే అది కోర్సు కాదు, వీడియోల మూట.

మేడమ్, మాది పర్లాకిమిడి పక్క ఊరు. మా నాన్న బెండుతో పెళ్ళి ముకుటాలు చేస్తారు. నేను ఫ్యాషన్ కోర్సులో చేరాను. క్లాసులో మీ ఇంట్లో ఏం చేస్తారంటే చెప్పడానికి సిగ్గేసి టైలర్ షాపు అన్నాను. ఇప్పుడు టోపీ ప్రాజెక్ట్ ఇచ్చారు, ఏం చెయ్యాలో తెలీడం లేదు. – పేరు వద్దు

ఓసి పిచ్చిపిల్లా. తెల్లదొరలు ఎండకి పెట్టుకున్న ఆ గుమ్మటం టోపీ, సినిమాల్లో కలెక్టర్ నెత్తిమీద ఉండేది, దాని పేరు సోలా టోపీ. చాలామంది సోలార్ అనుకుని ఎండకి ముడిపెడతారు గానీ సోలా అంటే మీ నాన్న చేతిలో ఉన్న ఆ బెండే, చెరువుల్లో పెరిగే జీలుగు. బెండు పొరలు అచ్చు మీద అంటించి, పైన గుడ్డ తొడిగి చేసేవారు. బెండు లోపలంతా గాలి గదులే కాబట్టి బరువుండదు, వేడి దిగదు. వానకి తడిస్తే మాత్రం ఉబ్బుతుంది, అది దాని జబ్బు. ఒడిస్సీ డాన్సర్ల తల మీద తెల్లగా నిలబడే తహియా కూడా ఈ బెండుదే, పూరీలో చేస్తారు. అంటే మీ క్లాసులో అందరూ గంజి బక్రంతో కుస్తీ పడుతుంటే నీ ఇంట్లో గురువు, కత్తి, ముడిసరుకు మూడూ ఉన్నాయి.

ప్రాజెక్ట్‌కి పెద్ద టోపీ వద్దు. చెవి పక్కన క్లిప్‌తో నిలబడే అరచేతంత చిన్న టోపీ చెయ్యి, కింద బక్రం చిప్ప, పైన మీ నాన్న కోసిన బెండు పొరలు, ముకుటంలో వేసే పువ్వే ఒకటి. ఫైల్‌లో మాత్రం పనంతా రాయి. కాడ మీద గోధుమ తొక్క ఎలా తీస్తారు, కాడని దొర్లిస్తూ కత్తి ఆనించి కాగితం చుట్టలా పొర ఎలా విప్పుతారు, ఏ జిగురు వాడతారు, అన్నీ నాన్నని అడిగి ఆయన మాటల్లోనే రాసుకో, ఒడియా మాటైతే ఒడియా మాటే, తెలుగైతే తెలుగే. ఆ పొర తీసేటప్పుడు చేతుల మీదకి కెమెరా పెట్టి ఒక రెండు నిమిషాల వీడియో తియ్యి, మాటలు అక్కర్లేదు. తీశాక నాకు పంపు, నాన్నగారు సరే అంటే గుణుపురం మాస్టారికి పంపిస్తా, వాళ్ళ గోడ మీద ఆరు ముక్కల పక్కన ఇంకా చోటుంటుంది.